పంపుహౌసు గోడ మీది ఆరు పాదాలు

రూలీన్‌ను అందరూ వర్ధమాన కవయిత్రి అనేవారు. ఆ మాట మొదటిసారి చెవిన పడ్డప్పుడు ఆమెకు పంతొమ్మిదేళ్లు; ఆ సాయంత్రం ఆమె సైకిలు నేలకు ఆనలేదు. ఇప్పుడు ఇరవై ఆరు. ఇన్నేళ్లుగా ఒక మనిషి ఆగకుండా వర్ధిల్లుతూనే ఉంటే ఈపాటికి ఎంత ఎత్తుకు చేరి ఉండాలన్న ప్రశ్న, ఆ మాట వాడేవాళ్లకు ఎన్నడూ తట్టలేదు.

ఆమె విత్తనాల దుకాణంలో పనిచేసేది. సెలవు రోజుల్లో రైలెక్కి, ఏ బీరు దుకాణం వెనక గదిలోనో, ఏ గ్రంథాలయం మెట్ల మీదో కవితలు చదివి, ఒక పూలగుత్తీ ఒక పుస్తకాల కూపనూ పుచ్చుకుని ఇల్లు చేరేది. ఆ కూపన్లతో తోటి వర్ధమాన కవుల పుస్తకాలు కొనేది. వాళ్లూ ఆ పనే చేసేవారు. ఈ విధంగా డచ్చి కవిత్వం, బయటి పాఠకుడి జోక్యమేమీ లేకుండా, తన వర్తకాన్ని తానే నడుపుకొనేది.

అయితే ఇన్నేళ్లలో ఆమె ఒక్క కవితనైనా రాసింది రాసినట్టు లోకానికి చూపలేకపోయింది. పత్రికవాళ్లు చివరి రెండు పాదాలు తీసేయమంటే తీసేసింది. పోటీలో గంట కొట్టేలోగా ముగించాలి కనుక మధ్య భాగం కోసేసింది. ఒక చిత్రకారుడితో కలిసి పోస్టరు వేస్తే అతని చేప బొమ్మ పెరిగి పెరిగి ఆమె శీర్షికను మింగేసింది. ప్రతిసారీ "ఈసారికి సరే" అనుకుంది. ఆ "ఈసారి" అనేది ప్రతిసారీ వస్తుందని గ్రహించడానికి ఆమెకు చాలాకాలం పట్టింది.

అటువంటి సమయంలో ఆమె సొంత ఊరు కోల్క్‌వర్ట్ సంఘం ఆమెను ఊరి కవయిత్రిగా ఎన్నుకొంది. దరఖాస్తు పెట్టింది ఆమె ఒక్కతే కావడంతో ఎంపిక త్వరగా ముగిసింది. సముద్రమట్టానికి దిగువన ఉన్న ఆ ఊళ్లో నీళ్లు తోడే పాత పంపుహౌసుకు కొత్తగా తెల్ల రంగు వేశారు. సైకిలు దారి వైపు గోడ మీద ఆమె కవిత రాయించాలని తీర్మానించారు. బడికి వెళ్లే పిల్లలు మొదలు చేపలంగడికి వెళ్లే ముసలివాళ్ల దాకా ఆ గోడను చూడకుండా ఎవరూ ఎక్కడికీ పోలేరు.

ఆమె రాతప్రతిని రెండు చలికాలాలుగా తన బల్ల మీద పండబెట్టిన ఆమ్‌స్టర్‌డామ్ సంపాదకుడు ఫ్లోరిస్, ఈ వార్త విని తనంతట తానుగా ఫోను చేశాడు.

"శనివారం ఆవిష్కరణకి వస్తున్నా. రోజూ జనం చదివే గోడ మీద నీ పేరుందనుకో, నీ పుస్తకం గురించి మా అమ్మకాలవాళ్లతో మాట్లాడ్డం నాకు తేలికవుతుంది."

"గోడ లేకపోతే?"

"లేకపోతేనేం, నువ్వెలాగూ వర్ధమాన కవయిత్రివే కదా," అన్నాడు ఫ్లోరిస్, ఓదార్పుగా.

ఇక మిగిలింది అభిప్రాయ సభ. కోల్క్‌వర్ట్‌లో ఒక బల్ల ఇటునుంచి అటు జరపాలన్నా అభిప్రాయ సభ పెట్టాలి. అందరూ ఒప్పుకొనేదాకా మాట్లాడాలి. చేతులెత్తించి కొందరిని ఓడించడం అక్కడ మొరటుతనం. పూర్వం వాళ్ల ముత్తాతలు సముద్రానికి అడ్డంగా కరకట్ట కట్టినప్పుడు ఏ ఒక్కడు తన పొలం ముందు కట్టనన్నా అందరి పొలాలూ మునిగేవి. అందుకని అందరినీ ఒప్పించి కట్టారు. కట్టకు పనికొచ్చిన పద్ధతి కవితకూ పనికొస్తుందని మునిమనవలు నమ్మడంలో దురుద్దేశం లేదు. తర్కదోషం మాత్రమే ఉంది.

గురువారం సాయంత్రం వాన. దక్షిణాన బెల్జియంలోని ఆంట్వెర్ప్ నుంచి వచ్చిన స్నేహితుడు వానెస్‌ను రూలీన్ సభకు వెంటబెట్టుకొచ్చింది. అతనూ వర్ధమాన కవే, కాకపోతే ఒక పుస్తకం వేసిన వర్ధమాన కవి. అతను నోరు తెరవగానే ఆ దక్షిణాది యాసకు కుర్చీల్లో చిరునవ్వులు పాకాయి. ఆ నవ్వులకు అతను అలవాటుపడ్డవాడు. ఉత్తరాదిలో తన కవితలకంటే తన యాసకే చప్పట్లు ఎక్కువని అతనికి తెలుసు.

ఊరంతటికీ అత్తయిన హిల్లి అత్త కాఫీ పోసి, బిస్కెట్ల డబ్బా మూత తీసి, ఒక్కొక్కరి ముందూ పట్టింది. వానెస్ చెయ్యి రెండోసారి లోపలికి పోబోతుంటే మూత టప్పున పడింది.

"ఒక కాఫీకి ఒక బిస్కెట్టు అబ్బాయ్."

"మా దిక్కు డబ్బా బల్ల మీదనే పెడ్తరు అత్తా."

"అందుకే మీ దిక్కు మగాళ్లకి ఆ బొజ్జలు."

సభ జరిగేది చెక్కలతో రేకులతో నిలబెట్టిన హాలులో. ఎప్పుడో పెద్ద తుఫానుకు అసలు హాలు కప్పు ఎగిరిపోతే, ఒకటి రెండు చలికాలాలు గడిపేందుకు తాత్కాలికంగా కట్టారు. రూలీన్ వాళ్లమ్మ పెళ్లి విందు ఇందులోనే జరిగింది. బడి నాటకంలో రూలీన్ కుందేలు వేషం వేసింది ఇందులోనే. దాన్ని పడగొట్టాలా, బాగుచేయాలా అన్నదాని మీద ఏకాభిప్రాయం కుదరనందున ఊరివాళ్లు ఇప్పటికీ దాన్ని తాత్కాలిక హాలనే పిలుస్తారు. కప్పు కారేచోట ఒక బకెట్టు పెట్టి, దాని చుట్టూ కుర్చీలు వేసుకోవడం అందరికీ అలవాటే.

అధ్యక్షుడు లుబ్బెర్ట్ మేస్టారు. రిటైరైన హెడ్మాస్టరు, ఊళ్లో సగం మందికి అక్షరాలు నేర్పినందువల్ల మిగిలిన సగం కూడా మేస్టారనే పిలిచేవారు. ఆయన ఆమె కవితను పెద్ద కాగితం మీద గుండ్రటి అక్షరాలతో రాసి, బోర్డుకు తగిలించారు.

*రాత్రంతా పంపు నీళ్లు తోడుతుంది,*
*మేం నిద్రపోతాం.*
*నేల ఇక్కడ అద్దెకుంటోంది,*
*ఇంటి యజమాని సముద్రం.*
*అద్దె కట్టినంతకాలం*
*మా క్యాబేజీలు మావే.*

పైన ఎర్ర మార్కరుతో "చిత్తుప్రతి" అని కూడా రాశారు. రూలీన్ ఆ ఎర్ర మాటను రెండుసార్లు చదువుకుంది.

"ముందుగా, కవిత చాలా బాగుందని అందరి తరఫునా చెబుతున్నాను," అన్నారు మేస్టారు. "ఇక మొదలెడదామా?"

పంపులూ కట్టలూ చూసుకునే నీటి మండలిలో పనిచేసే యాకొమీన్ లేచింది. "నేను మండలి తరఫున మాట్లాడ్డంలేదు, ఊరి మనిషిగానే మాట్లాడుతున్నా. కానీ మండలి ఉద్యోగినై ఉండి తప్పు చూస్తూ ఎలా ఊరుకోను? పంపు రాత్రంతా తోడదమ్మా. నీళ్లు గుర్తు దాటితేనే తోడుతుంది. వాన లేని రాత్రి అదీ పడుకునే ఉంటుంది."

"అది కవిత, యాకొమీన్ గారూ."

"కవితైతే మటుకు? రేపెవరో వచ్చి, 'అనవసరంగా రాత్రంతా ఎందుకు నడుపుతున్నారండీ, కరెంటు మీ అబ్బ సొమ్మా' అంటే నేనేం చెప్పను? గోడ మీద మీరే రాసుకున్నారుగా అంటాడు."

మేస్టారు "రాత్రంతా" కొట్టేసి "అవసరమైనప్పుడు" అని రాశారు.

ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసే నర్సు బాస్టియాన్ చెయ్యెత్తాడు. "ఈ 'మేం' అంటే ఎవరు మేస్టారూ? నేను రోగుల పక్కన మేలుకుని చచ్చి ఉదయం సైకిలు మీద వస్తుంటే, గోడేమో మేం నిద్రపోతాం అంటుంది. నాకెలా ఉంటుంది?"

"నాకూ పడుకుంటే నిద్ర పట్టి చావదు," అంది హిల్లి అత్త. "ఈ వయసులో ఎవరికి పడుతుంది?"

"మాలో కొందరు నిద్రపోతారు" అని మార్కరు కిర్రుమంది.

ఇళ్ల బ్రోకరు రుట్గర్ అంతదాకా ఓపిగ్గానే కూర్చున్నాడు. "నేను కవిత్వానికి వ్యతిరేకిని కాదు. ఆ గోడకి ఆవు బొమ్మ వేయిద్దామని మొదట్నుంచీ అంటున్నా, అది వేరే సంగతి. కానీ కట్ట వెనక కొత్త ఇళ్లు చూడ్డానికొచ్చేవాళ్లు సైకిలు దిగంగానే చదివేది ఇదే కదా. నేల అద్దెది! యజమాని సముద్రం! ఆ యజమాని ఎప్పుడు ఖాళీ చేయమంటాడండీ అని అడిగితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"అడిగితే ఉన్నది చెప్పున్రి," అన్నాడు వానెస్. "సముద్రం నోటీసు గిట్ల ఇయ్యదు, సీదా ఇంట్లకే వస్తది."

హాలంతా నవ్వింది. రుట్గర్ నవ్వలేదు. "నువ్వు కొండ మీద ఇల్లు కట్టుకున్నావా ఏంటి?"

"మా దగ్గర కొండలెక్కడియి అన్నా? మీ కంటె జానెడు ఎత్తుల ఉంటం. ఆ జానెడు తోనే గింత మాట్లాడుతున్న."

తూనిస్ అనే చర్చి పెద్ద గొంతు సవరించుకున్నాడు. "ఇళ్ల అమ్మకం సంగతి నాకొద్దు. అసలు మాటే తప్పు. యజమాని సముద్రం కాదు. ఆయనెవరో మనందరికీ తెలుసు."

"అందరికీ తెలీదు తూనిస్ గారూ," అన్నాడు బాస్టియాన్.

"తెలీనివాళ్లక్కూడా ఆయనే యజమాని."

"ఆయన పేరు గోడెక్కితే నేను ఒప్పుకోను."

"సముద్రం పేరెక్కితే నేనొప్పుకోను."

ఇద్దరి మధ్యా ఎన్నో ఏళ్లుగా నలుగుతున్న వివాదం మరో మెట్టు ఎక్కబోతుండగా మేస్టారు అడ్డుపడి, ఇద్దరికీ ఆమోదయోగ్యమైన పాదం ఒకటి రాశారు. ఆ తర్వాత క్యాబేజీల వంతు. ఆ పంట తన తండ్రితోనే పోయిందనీ, ఇప్పుడు అందరూ వేసేది లిల్లీ దుంపలూ ఉల్లిపాయలూ అనీ ఒక రైతు చెప్పాడు. అద్దె అన్న మాటే తీసేస్తే ఎవరికీ బాధ లేదని ఇంకెవరో అన్నారు. హిల్లి అత్త రెండోసారి కాఫీ పోసింది, డబ్బా మాత్రం తేలేదు.

చివరికి మేస్టారు కొత్త కాగితం తగిలించి, సాఫుగా రాసి, గొంతెత్తి చదివారు.

*అవసరమైనప్పుడు పంపు నీళ్లు తోడుతుంది,*
*మాలో కొందరు నిద్రపోతారు.*
*నేల ఇక్కడ ఉంది.*
*యజమాని ఎవరన్నదానిపై భిన్నాభిప్రాయాలున్నాయి.*
*అందరం కలిసి ఉన్నంతకాలం*
*తగిన పంటలు పండుతాయి.*

చప్పట్లు మోగాయి. అవి వెటకారపు చప్పట్లు కావు. అందరూ మనసారా కొట్టారు. ఒక కవితను ఇంతమంది కలిసి ఇంత చక్కగా బాగుచేయగలరని వాళ్లకే అంతకుముందు తెలియదు. తూనిస్ కూడా బాస్టియాన్ వైపు తల ఊపాడు.

వానెస్ ఆమె చెవిలో అన్నాడు: "గిది కవిత గాదు రూలీన్, పంచాయితీ తీర్మానం. మా దిక్కయితే మేయరు రెండు బీర్లు తాగి, సదవకుండనే సంతకం వెట్టేటోడు."

"నువ్వు కాసేపు ఊరుకో."

"రూలీన్," అన్నారు మేస్టారు ఆప్యాయంగా, "నువ్వూ సరేనంటే ముగిద్దామమ్మా. శనివారం పొద్దున్నే రంగులవాడు వస్తున్నాడు. కింద నీ పేరు పెద్ద అక్షరాల్లో రాయిస్తాం."

అందరూ ఆమెవైపు తిరిగారు. ఆమె లెక్క వేసుకుంది. సరేనంటే గోడ ఉంటుంది, పేరు ఉంటుంది, ఫ్లోరిస్ వస్తాడు, పుస్తకం రావచ్చు. గోడ మీదిది ఏ కవిత అన్నది అమ్మకాలవాళ్లు పట్టించుకోరు. ఫ్లోరిస్ కూడా పట్టించుకోకపోవచ్చు. ఆ ఆరు పాదాలు తనవి కావని తెలిసేది తనొక్కతెకే. రోజూ ఆ గోడ ముందు నుంచి విత్తనాల దుకాణానికి సైకిలు తొక్కాల్సిందీ తనే. "ఈసారికి" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

కప్పు నుంచి ఒక చుక్క బకెట్టులో పడింది. ఆమె బకెట్టు వైపు చూసింది. తర్వాత కప్పు వైపు, రేకుల వైపు, తన కుందేలు చెవులు ఒకప్పుడు తగిలించిన మేకు వైపు చూసింది.

"నేను ఒప్పుకోను మేస్టారూ," అంది.

హిల్లి అత్త చెంచా కప్పులోనే ఆగిపోయింది. అటువంటి మాట ఆ హాలులో మంచి మర్యాదస్థులెవరూ సూటిగా అనరు. "నాకు కొంచెం ఇబ్బందిగా ఉంది" అంటారు.

"ఇక ఆవు బొమ్మే," అన్నాడు రుట్గర్ మెల్లగా.

"ఆగండి రుట్గర్ గారూ. మిమ్మల్ని ఎవర్నీ నేను మాట వెనక్కి తీసుకోమనను. మీరు చెప్పినవాటిల్లో అబద్ధమేమీ లేదు. పంపు రాత్రంతా తోడదు, బాస్టియాన్ నిద్రపోడు, క్యాబేజీలు లేవు. సముద్రం సంగతి తూనిస్ గారూ బాస్టియానూ తేల్చుకోవాలి. ఇవన్నీ ఇవాళే తేలాలని ఎవరన్నారు? నా కవిత నేను రాసినట్టే పెట్టండి, కానీ గోడ నాకు సొంతానికివ్వకండి. అద్దెకివ్వండి."

"అద్దెకంటే?" అన్నారు మేస్టారు.

"తాత్కాలికంగా. ఊరికే చూడ్డానికి. ఒక ఏడాది పోనిచ్చి, అందరం ఇక్కడే కూర్చుని, ఉంచాలో తీసేయాలో మాట్లాడుకుందాం. అందరూ ఒప్పుకుంటే అప్పుడే తీసేద్దాం."

హాలులో ఏదో సడలింది. భుజాలు కిందికి దిగాయి. ఎవరో కాళ్లు చాపుకున్నారు.

"తాత్కాలికమా!" అంది యాకొమీన్. "ఆ ముక్క ముందే చెప్పొద్దూ? తాత్కాలికమైతే మండలి అనుమతి కూడా అక్కర్లేదు."

"ఏడాదిలో నా ఇళ్లు ఎలాగూ అమ్ముడైపోతాయి," అన్నాడు రుట్గర్. "ఆ తర్వాత సముద్రమో సత్రమో, నాకనవసరం."

బాస్టియాన్ భుజాలెగరేశాడు. "ఏడాదేగా. ఆ దారిన వచ్చేటప్పుడు కళ్లు మూసుకుంటా."

"నువ్వు నిద్రపోయేది అప్పుడన్నమాట," అంది హిల్లి అత్త.

తూనిస్ చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. ఆయన నోట వచ్చే మాట కోసం బాస్టియాన్ సహా అందరూ ఎదురుచూశారు. "ఈ లోకంలో తాత్కాలికం కానిదేముంది?" అన్నాడు చివరికి. "నాకు అభ్యంతరం లేదు."

మేస్టారు బకెట్టు వైపు చూశారు. తుఫాను ఏడాది, ఈ హాలు ఒకటి రెండు చలికాలాలకేనని అందరినీ ఒప్పించి సంతకం చేసింది ఆయనే. తర్వాత కళ్లజోడు మీదుగా రూలీన్ వైపు చూశారు. ఆమె కళ్లు దించుకోలేదు.

"నా బళ్లో చదివేటప్పుడు నువ్వు ఇంత బుద్ధిమంతురాలివి కావే," అన్నారు.

"అప్పుడు వర్ధమాన దశలో ఉన్నాను మేస్టారూ."

ఆయన "చిత్తుప్రతి" అన్న ఎర్ర మాట కొట్టేసి, దాని స్థానంలో "తాత్కాలికం" అని రాశారు. మార్కరు మూత బిగించారు. సభ ముగిసింది.

కుర్చీలు మడుస్తున్నప్పుడు హిల్లి అత్త అటూ ఇటూ చూసి, డబ్బా మూత కొద్దిగా ఎత్తి, రూలీన్ చేతిలో మరో బిస్కెట్టు పెట్టింది. కవిత్వానికి ఆ ఊళ్లో అంతకు మించిన బహుమతి అప్పటిదాకా ఎవరికీ దక్కలేదు. "అలవాటు చేసుకోకు," అంది. వానెస్ కూడా చెయ్యి చాపాడు. మూత టప్పున పడింది.

శనివారం వాన వెలిసింది. రంగులవాడు నిచ్చెన వేసి, మామూలు డబ్బా ఒకటి తెరవబోతుంటే లుబ్బెర్ట్ మేస్టారు మరో డబ్బా మోసుకొచ్చారు.

"ఇది వెయ్యి. నా పడవకి వేయగా మిగిలింది. ఉప్పునీళ్లలో నానబెట్టినా ఊడదు."

"ఏడాదికి మామూలు రంగు సరిపోతుంది కదా మేస్టారూ?"

"తాత్కాలికమైన పని కాబట్టే గట్టిగా చెయ్యాలి," అన్నారు మేస్టారు గంభీరంగా. ఈ వాక్యంలో తర్కం ఎక్కడుందో రంగులవాడు వెతకలేదు. తన అక్షరాలు ఆయన దగ్గరే నేర్చుకున్నవాడు. ఆరో పాదం ముగిసేసరికి సైకిలు దారి మీద చిన్న గుంపు చేరింది. యాకొమీన్ మొదటి పాదం చదివి తల అడ్డంగా ఊపి, మళ్లీ చదివి, ఫొటో తీసుకుంది.

ఫ్లోరిస్ నగరపు బూట్లతో వచ్చి, కట్ట మీది బురదను తప్పించుకుంటూ గోడ ముందుకు చేరాడు. చేపలంగడిలో కొన్న, ఉల్లిపాయ ముక్కలు చల్లిన ఉప్పుచేపను అక్కడి అలవాటు ప్రకారం తోక పట్టుకుని నోట్లోకి దించుకుంటూ, కవితను రెండుసార్లు చదివాడు.

"ఒక్క పాదం మాత్రం…" అనబోయి, రూలీన్ ముఖం చూసి, మిగతా మాటను చేపతోపాటు మింగేశాడు. "బాగుంది. చాలా బాగుంది. కానీ ఇది ఏడాదికేనటగా? మీ బ్రోకరాయన చెప్పాడు. తీసేశాక మా అమ్మకాలవాళ్లకి నేనేం చెప్పుకోను?"

రూలీన్ కాలవ అవతలికి చెయ్యి చూపించింది. "అదిగో, ఆ రేకుల కట్టడం కనిపిస్తోందా?"

"ఆ వంకర షెడ్డా?"

"దాని పేరు తాత్కాలిక హాలు. మా అమ్మ పెళ్లి విందు అందులోనే అయింది."

ఫ్లోరిస్ హాలును చూశాడు. గోడను చూశాడు. మళ్లీ హాలును చూశాడు. చేతిరుమాలుతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు.

"సరే," అన్నాడు. "నీ పుస్తకం వచ్చే శరదృతువులో వేసే పుస్తకాల జాబితాలో పెడతాను. మా వాళ్లతో ఇంకా మాట్లాడాలనుకో. ప్రస్తుతానికి తాత్కాలికంగా."

"అయితే ఖాయమన్నమాట," అంది రూలీన్.